ధడేల్‌గాడు కాలు ఎందుకు దించలేదు

ఆరేళ్ళుగా కొండంత బండలను పిండి చేస్తున్న వీరేందర్‌కు మందుగుండంటే భయం లేదు. మేనేజరంటే భయం లేదు. భార్య సంధ్యారాణి అంటే కొంచెం ఉంది, అది ఏ మగాడికైనా ఉండేదే. కానీ సమ్మె ఇరవయ్యో రోజు పొద్దున, సెంటినరీ కాలనీలో తన క్వార్టర్ వాకిట్లో పదేళ్ళ కూతురు సహస్ర చంకలో పుస్తకం పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడేసరికి అతని గుండె జారింది.

"బాపూ, నీకు డ్యూటీ లేదు కదా. లింగమూర్తి తాత ఇంటికి పోదామా?"

డ్యూటీ లేని మాట నిజమే. సకల జనుల సమ్మె నడుస్తోంది. తెలంగాణ ఇస్తామన్న మాట వచ్చేదాకా బొగ్గుపెళ్ళ కదిలేది లేదని బొగ్గు బాయిలన్నీ బంద్ అయ్యాయి. మగవాళ్ళందరూ సమ్మె టెంటు కింద పొద్దుపుచ్చుతున్నారు. ఆరు నెలలుగా ఇదే ప్రశ్నకు 'డ్యూటీ ఉంది బిడ్డా' అని తప్పించుకుంటూ వచ్చిన మనిషికి ఇప్పుడు చెప్పుకోవడానికి సాకే దొరకలేదు.

లింగమూర్తి అంటే ఆ చుట్టుపక్కల పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. బడిపంతులుగా రిటైరై, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని అంచున ఉన్న మేడిగుంట అనే ఊళ్ళో ఉంటాడు. పిల్లల కథలు రాస్తాడు, బొమ్మలు కూడా తనే వేస్తాడు. కరీంనగర్‌లో అచ్చయిన పలచటి పుస్తకాలు అవి. కాలనీ బడిలో ఆ పుస్తకాలు చేతులు మారి మారి అట్టలూడి, సూదీదారంతో కుట్లు కూడా వేయించుకున్నాయి. నాలుగు పుస్తకాల్లోనూ ఉండేవాడు ఒక్కడే, ధడేల్‌గాడు.

ధడేల్‌గాడు రాక్షసుడు. ఊరి పక్కన పెద్ద గొయ్యిలో ఉంటాడు. రోజూ మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు కాలెత్తి ధడేల్‌మని తొక్కుతాడు. అంతే, ఊళ్ళో కుండలు దొర్లిపోతాయి, కోడి గుడ్డు పెట్టబోయి సంగతే మరిచిపోతుంది, ముసలవ్వ నోట్లో ఉన్న రెండు పళ్ళూ జాగా మార్చుకుంటాయి. చదువుతుంటే సహస్ర పొట్ట పట్టుకుని నవ్వేది. పక్కన కూర్చుని చదివి వినిపించే వీరేందర్ కూడా నవ్వేవాడు. నవ్వక చస్తాడా? ఆ ధడేల్‌గాడు తానేనని మొదటి పుస్తకం మూడో పేజీలోనే అతనికి తెలిసిపోయింది.

అతను ఆ ఓపెన్‌కాస్టులో షాట్ ఫైరర్. బొగ్గు మీది బండకు బొక్కలు వేసి, మందు నింపి, తీగలు కలిపాక, చుట్టుపక్కల మనుషులు దూరం పోయారని చూసుకుని చివరికి మీట నొక్కే మనిషి. రోజూ రెండు గంటలకు నొక్కుతాడు. కూతురికి మాత్రం సగమే చెప్పాడు. "ఎర్రజెండాలు పెట్టిచ్చి, ఈల ఊదిచ్చి, మనుషులను దూరం పంపుడు నా పని బిడ్డా," అన్నాడు. ఆ పిల్ల దాన్ని బడంతా చెప్పుకుని తిరిగింది. 'మా బాపు మనుషులను కాపాడుతడు' అని టీచరు ముందు కూడా అన్నదట. అప్పటి నుంచీ మిగతా సగం చెప్పడానికి వీరేందర్‌కు నోరు పెగల్లేదు. ఇప్పుడు ఆ ఊరికే పోతే, అక్కడ ఎవరో ఒకరు గుర్తుపట్టి, 'ఈడే మా గోడలు పగలగొట్టే రాక్షసుడు' అని బిడ్డ ముందరే అంటే? ఆ కళ్ళల్లో తను మళ్ళీ ఎట్లా కనబడతాడు?

"పిల్ల ఒక్క మాట అడిగితే గింత సోచాయించుడా?" వంటింట్లోంచి సంధ్యారాణి అరిచింది. "టెంటు కింద కూసోని పేకాడుడే కదా ఇప్పుడు నీ పని. తీస్కపో, జల్ది పోయి జల్ది రాండ్రి."

"ఒక్కటే అడిగి వస్త బాపూ," అంది సహస్ర, నాలుగో పుస్తకం చివరి పేజీ తీసి చూపిస్తూ. అందులో ధడేల్‌గాడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు గాలిలో ఉంది. "ఈ దినం కాలు ఎత్తిండు గని చానాసేపు దించలే. ఎందుకు దించలేదో రాయలేదు. గది అడగాలె."

ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా వీరేందర్ గబగబా చదివి పుస్తకం మూసేసేవాడు. అట్లాంటి రోజు ఒకటి అతని నౌకరీలోనూ ఉంది. దాన్ని తలుచుకోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. అయినా బండి తీశాడు. ఏం చేస్తాడు మరి.

కాలనీ దాటి, గని లోపలి నుంచి తవ్వి పోసిన మట్టిగుట్టల పక్కనుంచి ఎనిమిది కిలోమీటర్లు. డంపర్లన్నీ ఎక్కడివక్కడ వరుసగా నిలబడి ఉన్నాయి. దుమ్ము లేదు. రెండు మూడు రోజుల్లో సద్దుల బతుకమ్మ, పొలం గట్ల మీద గునుగుపూలు తెల్లగా పూసి ఉన్నాయి. దుమ్ము పడని గునుగుపూలను చూసి ఎన్నేళ్ళయిందో అనుకున్నాడు వీరేందర్. సహస్ర బండి ఆపించి గుప్పెడు కోసుకుంది.

గనిలో మెట్లుగా తవ్విన బెంచీ మీద నిలబడి చూస్తే మేడిగుంట ఎప్పుడూ నువ్వులు చల్లినట్టు చిన్నచిన్న ఇళ్ళుగా కనబడేది. ఈ వైపు నుంచి రావడం అతనికి ఇదే మొదటిసారి. మొదటి ఇంటి గోడకు చూరు నుంచి పునాది దాకా పగులు ఉంది. రెండో ఇంటికీ ఉంది. మూడో ఇంటివాళ్ళు పగుల్లో మట్టి కూరి పైన సున్నం పూశారు, ఆ సున్నం కూడా పగిలింది. వీరేందర్ ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి కళ్ళు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

లింగమూర్తి ఇల్లు ఊరి చివర, పెంకుటిల్లు. బండి చప్పుడు విని ఆయన భార్య సారవ్వ బయటికి వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఎవలు నాయినా?"

"సెంటినరీ కాలనీ నుంచి వచ్చినం అవ్వా. మా బిడ్డ సారు పుస్తకాలు చదువుతది. సారును చూస్తనంటే తీస్కచ్చిన."

"అయ్యో, రాండ్రి రాండ్రి! పుస్తకాలు చదివే పిల్లనా? ఓ అనసూర్యా, నీళ్ళు తేవే!"

పదమూడేళ్ళ మనవరాలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. సారవ్వ కొడుకు బుచ్చన్న కూతురట. బుచ్చన్న అండర్‌గ్రౌండ్ బాయిలో కార్మికుడు, సమ్మె కాబట్టి ఊళ్ళోనే ఎక్కడో తిరుగుతున్నాడని సారవ్వ చెప్పింది. వీరేందర్ నీళ్ళు తాగుతూ తల దించుకున్నాడు.

సహస్ర అప్పటికే ఇంట్లోకి దూరింది. లోపలి నుంచి దాని కేక వినిపించింది. "బాపూ, అచ్చం పుస్తకంల ఉన్నట్టే!"

నిజంగానే అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. గోడకు ఒక్క అర లేదు. గిన్నెలు, తపేలాలు, ఉప్పు జాడీ అన్నీ నేల మీదే బారుగా పెట్టి ఉన్నాయి. దేవుడి పటాలు గూట్లో వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాయి. అద్దానికి నాలుగు పక్కలా గుడ్డపీలికలు కుక్కారు. గోడ గడియారం బియ్యం డబ్బా మీద కూర్చుంది. ప్రతి మధ్యాహ్నం అదిరే ఇంట్లో పడిపోయే వస్తువు ఉండకూడదని సారవ్వ చేసుకున్న ఏర్పాటు అది. కథల్లో ముసలవ్వ చేసే పనులన్నీ ఇవే. పిల్లకు అదంతా పండుగలా ఉంది. ఒక్కో గిన్నె దగ్గరా వంగి, ఇది ఫలానా పేజీలో ఉంది, ఇది ఫలానా బొమ్మలో ఉంది అని మురిసిపోతోంది. వీరేందర్‌కు మాత్రం ఆ పటాల ముఖాల్లోకి చూడడానికి సిగ్గేసింది.

లింగమూర్తి వెనక అరుగు మీద నులకమంచంలో పడుకుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, కళ్ళద్దాలకు ఒక పక్క పుల్ల విరిగి దారం కట్టుకున్నాడు. పిల్లను చూసి లేచి కూర్చున్నాడు.

"ఏం పేరు తల్లీ?"

"సహస్ర. తాతా, నేను నీ పుస్తకాలు నాలుగూ చదివిన. ఒక్కటి అడగాలె. ధడేల్‌గాడు గా దినం కాలు ఎందుకు దించలే?"

వీరేందర్ తల తిప్పుకుని చూరు వైపు చూశాడు. ముసలాయన మాత్రం పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గొచ్చింది. సారవ్వ వీపు నిమిరింది.

"నా దగ్గరికి వచ్చిన పోరగాండ్లందరూ ఇదే అడుగుతరు. గిట్ల మంచంల కూసోని చెప్పే ముచ్చట కాదది. కత కూడా డ్యూటీ అసుంటిదే బిడ్డా. ఈల పడితెనే సురువు."

పిల్లకు అర్థం కాలేదు. సారవ్వ విడమరిచి చెప్పింది. "రోజూ ఒంటిగంట ఇరవైకి ఎర్రజెండా మనిషి సైకిలు మీద వచ్చి ఈల ఊదుతడు. ఊదంగనే ఇండ్లల్ల ఎవలం ఉండొద్దు. అందరం బడి ముందటి జాగల పోయి కూసుంటం. నలభై నిమిషాలకు మోత అయితది. ఆ నలభై నిమిషాలు పిల్లలు ఏడ్వకుండ ఈయన కత చెప్తడు. చెప్పి చెప్పి పుస్తకాలు అయినయ్. ఇప్పుడు సమ్మె కదా, ఈల లేదు, మోత లేదు. ఇరవై దినాల సంది ఈయనకు కతే ఊరుతలేదు, అన్నమూ పోతలేదు. ఆ మోత బంద్ చెయ్యుండ్రని ఎన్ని అర్జీలు పెట్టిండో! తీరా బంద్ అయినంక గిట్ల మంచం పట్టిండు. గిసొంటి మనిషిని యాడనన్న చూసినమా?"

"నువ్వు ఊకో," అన్నాడు లింగమూర్తి చిన్నబోయి. "ఇంటింటికి తిరిగి పిల్లలను రమ్మని అడుక్కోవాల్నా? ఈల పడితె వాళ్ళే ఉరికొస్తరు. అందరు ఎదురుంగ కూసుంటె నోటికి అదే వస్తది. ఉత్తగ రాదు. సమ్మె అయినంక రా తల్లీ, అందరి ముందట చెప్త."

సహస్ర ముఖం వాడిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే వీరేందర్ ఎట్లాగో తట్టుకునేవాడు. అది పుస్తకాన్ని మూసి, కోసుకొచ్చిన గునుగుపూలను ఆ ముసలాయన మంచం మీద పెట్టి, "సమ్మె అయినంక మా బాపుకు డ్యూటీ ఉంటది తాతా. తీస్కరాడు," అంది మెల్లగా.

ఆ మాట వీరేందర్‌కు గుచ్చుకుంది. ఇక అతను ముందూ వెనకా చూడలేదు. వాకిట్లోకి పోయి, రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి, ఊపిరంతా బిగబట్టి ఊదాడు. మూడు పొడుగు ఈలలు, ఒక పొట్టి ఈల. ఏ పిల్లగాడైనా ఊదే ఉత్త ఈల కాదది. ఎర్రజెండా మనుషులందరికీ అతను దగ్గరుండి నేర్పిన ఈల.

పిల్లలు నలుగురైదుగురు వస్తారనుకున్నాడు పాపం. ఊరు ఊరంతా వచ్చింది!

ఆరేళ్ళ అలవాటు కాళ్ళకు పట్టేసింది. సమ్మె సంగతి మెదడుకు తెలుసు, కాళ్ళకు తెలియదు. ఆడవాళ్ళు పొయ్యిలో నీళ్ళు చల్లి బయటపడ్డారు. ఇద్దరు మనుషులు ఒక ముసలామెను మంచంతో సహా ఎత్తుకుని నడుస్తున్నారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని నురుగు ముఖంతో వచ్చాడు. మేకలు ఎవరూ తోలకుండానే బడి వైపు తిరిగాయి. ఇంతసేపూ సమ్మె గురించి చెప్పిన సారవ్వ కూడా రేషన్ కార్డూ భూమి కాగితాలూ ఉన్న మూట చంకన పెట్టుకుని గడప దాటి, నాలుగు అడుగులు వేశాక గానీ ఆగలేదు.

"ఓ నా పాడుగాను! సమ్మె కదనే ఇయ్యాల!" అంది తనను తానే తిట్టుకుంటూ. అయినా తిరిగి ఇంట్లోకి పోవడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడింది.

అంతలో బజారు మలుపులో ఒక కేక వినబడింది. "సమ్మెల బ్లాస్టింగ్ పెడుతున్నదెవడురా! ఇరవై దినాలు కడుపు మాడ్చుకొని సమ్మె చేస్తుంటె, గా పని చేస్తున్న దొంగ ఎవడు!" బుచ్చన్న కర్ర పట్టుకుని పరుగెత్తుకు వస్తున్నాడు. వెనక పది మంది ఉన్నారు. అందరూ బాయి కార్మికులే. సమ్మెను చెడగొట్టే మనిషి దొరికితే ఆ రోజు వాడి ఒళ్ళు హూనమయ్యేదే.

"ఆగన్నా, బ్లాస్టింగ్ లేదు!" వీరేందర్ రెండు చేతులూ పైకెత్తాడు. "నేనే ఊదిన. ఉత్తగనే ఊదిన. మా బిడ్డ కత వినాలన్నది. పిల్లలు వస్తరని ఊదిన. తప్పయింది."

బుచ్చన్న కర్ర దించలేదు. అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "మూడు పొడుగు, ఒకటి పొట్టి. తప్పు లేకుంట ఊదినవ్. ఈడ ఉన్నోళ్ళకు ఒక్కనికి రాదది. ఎవలు నువ్వు?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ సహస్ర పక్కనే నిలబడి తన వేలు పట్టుకుని ఉంది. వంద మంది చూస్తున్నారు. సగం మాట చెప్పి బతకడం ఇక తన వల్ల కాదనిపించింది అతనికి.

"నేను షాట్ ఫైరర్‌ను అన్నా. రోజు రెండింటికి మీట నొక్కేది నేనే."

ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ముందు వరసలో ముక్కు కారుతున్న పిల్ల ఒకతి మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "అవ్వా, ధడేల్‌గాడు!" అంది. కొందరు నవ్వబోయి ఆగారు.

సహస్ర తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత వేలు వదిలేసి, నాలుగడుగులు పక్కకు పోయి అనసూర్య దగ్గర నిలబడింది. వీరేందర్ భూమి నోరు తెరిస్తే అందులోకి పోదామనుకున్నాడు.

"వచ్చిన జనం ఎట్లనూ వచ్చిండ్రు," లింగమూర్తి గొంతు వినిపించింది. ఆయన ఎప్పుడు మంచం దిగాడో, గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాడు. ముఖంలో కళ వచ్చింది. "బుచ్చన్నా, కట్టె పడెయ్. ఆయన దొంగ కాదు. నడువుండ్రి బడి కాడికి. పిల్ల ఒక సవాలు అడిగింది, అందరి ముందట చెప్త అన్న."

అందరూ రోజూ కూర్చునే చోట రోజూ కూర్చున్నట్టే కూర్చున్నారు. పిల్లలు ముందు, ఆడవాళ్ళు వెనక, మేకలు అంచున. లింగమూర్తి బడి మెట్టు మీద కూర్చున్నాడు. వీరేందర్ కూర్చోలేదు, దూరంగా నిలబడ్డాడు.

"ధడేల్‌గాడు కాలు ఎందుకు దించలే అని ఈ పిల్ల అడుగుతున్నది," అన్నాడు ముసలాయన. "నిజం చెప్తున్న, నాకు తెల్వదు. మూడేండ్ల కింద, ఎండకాలం. నలభై నిమిషాల కత నాకు అలవాటు. నేను కత ముగిచ్చుడు, మోత అయ్యుడు ఒక్కసారే జరుగుతది. ఆ దినం కత ముగిచ్చిన, మోత కాలే. పిల్లలు నా మొకం చూడవట్టిరి. ఏం చెయ్యాలె? 'ధడేల్‌గాడు కాలు ఎత్తిండు, ఎత్తి అట్లనే నిలవడ్డడు' అన్న. ఇరవై నిమిషాలు ఆయనను ఒంటికాలి మీద నిలవెట్టిన. ఆ తర్వాత అయింది మోత. ఎందుకు నిలవడ్డడని అడిగితె ముల్లు గుచ్చిందని ఒకసారి చెప్పిన, తిమ్మిరెక్కిందని ఒకసారి చెప్పిన. నాకే నమ్మబుద్ధి కాలే. అందుకే పుస్తకంల రాయలే." ఆయన చెయ్యెత్తి వీరేందర్‌ను పిలిచాడు. "తెలిసినాయన ఈడనే ఉన్నడు. నాయినా, ఎందుకు దించలే నువ్వు?"

వంద తలలు తనవైపు తిరిగాయి. వీరేందర్ ఒక్క తలనే చూశాడు. సహస్ర ఇటు తిరగలేదు, నేల మీద పుల్లతో గీతలు గీస్తోంది.

"పెద్ద ముచ్చటేం లేదు సారు," అన్నాడు. "మందు నింపినం, తీగలు కలిపినం. మనుషులందరు దూరం పోయిండ్రు. నా చెయ్యి మీట మీదనే ఉన్నది. గప్పుడు మట్టికుప్ప మీదికెల్లి ఒక మేకపిల్ల దిగింది. నల్లది. చెవులు తెల్లగున్నయ్. నా పక్కాయన 'మేకనే కదా, కొట్టు' అన్నడు. నా చెయ్యి రాలే. మా అవ్వ మేకలు కాసింది. నేను మేకల ఎనుకనే పెరిగిన. తప్పిపోయిన మేకపిల్ల ఎనుక ఎవలో ఒక పిల్ల ఉరుకుతనే ఉంటదని నాకు ఎరుక."

అతను గని వైపు చెయ్యి చూపించాడు.

"ఇరవై నిమిషాలు ఈల ఊదిన, గొంతు పోయేదాక ఒర్రిన. ఎవలు రాలే. మనిషిని తోలిన. ఆయన మేకపిల్లను పట్టుకొని, చుట్టు చూసి, ఎవలు లేరన్నడు. మీట నొక్కిన. అంతే. ఇరవై నిమిషాలు ఉత్తగ ఆపినవని మెమో ఇచ్చిండ్రు. దోస్తులు చానా దినాలు నన్ను మేకల వీరేందర్ అని పిలిచిండ్రు. ఎవలు లేరు సారు ఆడ. నాది ఉత్త భయం. మీరు కతల పెట్టేటంత గొప్పది కాదు."

సారవ్వ 'పాపం' అన్నట్టు నోరు చప్పరించింది. లింగమూర్తి కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఉన్న."

పిల్లల వెనక నుంచి వచ్చింది ఆ మాట. సన్నగా. అందరూ తిరిగి చూశారు. అనసూర్య లేచి నిలబడి ఉంది.

"నేనున్న ఆడ. మట్టికుప్ప ఎనుక. అది నా మేకపిల్లనే. నేను ఇట్ల కూసున్నప్పుడు అది గుంజుకొని ఉరికింది. తాత కతల పడి ఎవలు చూస్తలేరని నేనూ ఉరికిన. ఈల ఊదుతుంటె, ఒర్రుతుంటె నన్ను పట్టుకొని కొడుతరని భయమైంది. బోర్ల పండుకున్న. మేకను పట్టినాయన నా ముందటికెల్లే పోయిండు, నన్ను చూడలే. ఆయన పోయినంక కాలువలకెల్లి పాక్కుంట వచ్చిన, తర్వాత ఉరికిన."

"ఎందుకు చెప్పలేదే!" బుచ్చన్న కేకేశాడు.

"నువ్వు కొడుతవని."

వీరేందర్ అడగకూడదనుకుంటూనే అడిగాడు. "నువ్వు ఈడికొచ్చి కూసున్నంక... ఎంతసేపటికి మోత అయింది బిడ్డా?"

అనసూర్య ఆలోచించింది. పిల్లలకు అబద్ధం ఎక్కడ చెప్పాలో తెలియదు.

"కూసున్న. చెప్పు ఊడితే ఏసుకున్న. గప్పుడే అయింది."

చెప్పు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? అంతే తేడా. మూడేళ్ళుగా పిరికితనం అనుకుని దాచిపెట్టుకున్న ఇరవై నిమిషాలు ఒక్కసారిగా వచ్చి అతని మీద పడ్డాయి. ఇంకొంచెం ముందు విసుగు పుట్టి ఉంటే, పక్కాయన మాటకు ఇంకొంచెం ముందు లొంగి ఉంటే! అక్కడే దుమ్ములో కూలబడి, తల రెండు చేతుల్లో పెట్టుకుని, ఊరందరి ముందరా వెక్కివెక్కి ఏడ్చాడు. సారవ్వ మనవరాలి వీపు మీద ఒక్కటి చరిచి, వెంటనే దాన్ని గుండెలకు అదుముకుని తనూ ఏడుపు అందుకుంది. బుచ్చన్న వచ్చి వీరేందర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేసి అట్లాగే ఉండిపోయాడు.

కాసేపటికి ఎదురుగా చిన్న పాదాలు కనిపించాయి. వీరేందర్ తలెత్తలేదు.

"బాపూ," అంది సహస్ర. "నువ్వు నాకు సగమే ఎందుకు చెప్పినవ్?"

"నన్ను చూసి భయపడుతవని బిడ్డా."

"సమ్మె అయినంక మళ్ళ దించుతవా కాలు?"

ఈసారి సగం చెప్పడానికి అతనికి మనసు రాలేదు. "దించుత బిడ్డా. గది నా డ్యూటీ. బాయి నడిస్తే ఎవలో ఒకలు దించాలె."

సహస్ర ముందు వరసలో కూర్చున్న పిల్లలను చూసింది. పగిలిన బడి గోడను చూసింది. ఏడుస్తున్న అనసూర్యను చూసింది. పిల్ల మనసులో ఏం తూకం వేసుకుందో ఏమో, వంగి తండ్రి చెంప మీది దుమ్మును లంగా అంచుతో తుడిచింది.

"అయితె బడికి సెలవున్నప్పుడల్ల నన్ను ఈడ దించిపో," అంది. "నేను అనసూర్యక్క పక్కన కూసోని కత వింట. నువ్వు గాడికెల్లి మంచిగ చూసి, గప్పుడు నొక్కు."

వీరేందర్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. మెట్టు మీద నుంచి లింగమూర్తి, "ఎవలన్న ఒక కలం, కాయిదం తీస్కరాండ్రి," అని కేకేశాడు.